చారిత్రక ప్రేమకథా చిత్రం: ఇంటిల్లిపాదీ కూర్చుని చూడవచ్చా?

పండుగ నమాజు అయ్యి, షీర్ ఖుర్మా గిన్నెలు ఖాళీ అయ్యి, చుట్టాలందరూ హాల్లో చేరాక ఎవరో ఒకరు టీవీ పెడతారు. "మొఘలుల కాలం సినిమా అట. చరిత్రే కదా, పిల్లలు కూడా చూడొచ్చు" అనే మాట అప్పుడు చాలా ఇళ్ళలో వినిపిస్తుంది. చరిత్ర అనగానే మనకు ఒక భరోసా కలుగుతుంది. పాఠ్యపుస్తకంలో ఉన్న సంగతే తెర మీదికి వస్తుందనుకుంటాం. దాదీ మొదలుకొని ఒకటో తరగతి పిల్లవాడి వరకు అందరూ కూర్చుంటారు. కొద్ది నిమిషాలకే తెర మీద కత్తి దూస్తారు, తల తెగుతుంది. తర్వాత ఒక పాట వస్తుంది. పెద్దవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక రిమోట్ కోసం వెతుకుతారు. పిల్లలు మాత్రం చూడవలసింది అప్పటికే చూసేసి ఉంటారు.

ఇలాంటి ఇబ్బంది రాకుండా ఒక చారిత్రక ప్రేమకథా చిత్రాన్ని ముందుగానే ఎలా అంచనా వేయాలో ఈ వ్యాసంలో చెప్పదలచాము. ఉదాహరణగా చాలామందికి తెలిసిన 'జోధా అక్బర్'ను తీసుకుంటున్నాము. అవసరమైన చోట 'మొఘలే ఆజం', 'పద్మావత్' చిత్రాలను కూడా ప్రస్తావిస్తాము.

ముందుగా ఒక మాట. సినిమా చూడటమే సరికాదని భావించే కుటుంబాలు మనలో ఉన్నాయి. వారి నిర్ణయాన్ని మేము గౌరవిస్తాము. ఇది ఫత్వా కాదు, ధర్మసందేహాలకు ఆలిములను అడగాలి. మేము ఉపాధ్యాయులుగా మాట్లాడుతున్నాము. సినిమా ఇప్పటికే ప్రవేశించిన ఇళ్ళ గురించి, టీవీలో వద్దన్నది ఫోనులో ఒంటరిగా చూసే పిల్లల గురించి మాట్లాడుతున్నాము. అన్నిటికీ తలుపులు తెరిచి ఊరుకోవడం తేలిక. అన్నిటికీ వద్దనడం కూడా తేలికే. ఏది, ఎవరికి, ఎప్పుడు అని తూచడంలోనే కష్టం ఉంది.

సర్టిఫికెట్ ఏం చెబుతుంది?

మన దేశంలో థియేటర్లలో ప్రదర్శించే సినిమాలకు 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ ఇస్తుంది. 'యు' అంటే అందరూ చూడవచ్చు. 'ఎ' అంటే 18 ఏళ్ళు నిండినవారికే. 'ఎస్' అంటే వైద్యుల వంటి ప్రత్యేక వర్గాలకు. ఈ మధ్యలో ఉన్నది 'యు/ఎ'. 1983 నుంచి అమల్లో ఉన్న ఈ గుర్తుకు అర్థం, 12 ఏళ్ళ లోపు పిల్లలు చూడాలా వద్దా అన్నది తల్లిదండ్రులు ఆలోచించుకోవాలని. అంటే బోర్డే మన వైపు వేలు చూపించి, మిగతాది మీరు తేల్చుకోండి అంటోందన్నమాట.

2023లో ఈ చట్టాన్ని సవరించారు. ఇప్పుడు ఈ మధ్య తరగతి మూడుగా చీలింది: యుఎ 7+, యుఎ 13+, యుఎ 16+. ఓటీటీ వేదికలకు 2021 నుంచే ఇలాంటి వయోవిభజన ఉంది. 13+, ఆ పై వయసు గుర్తులున్న వాటికి తాళం వేసుకునే సౌకర్యం కూడా ఇవ్వాలని నిబంధన పెట్టారు. మన ఇళ్ళలో ఈ తాళం వాడేవారు చాలా తక్కువ. సెట్టింగుల్లోకి వెళ్ళి నాలుగంకెల పిన్ పెట్టడానికి రెండు నిమిషాలు చాలు. చిన్నపిల్లలున్న ప్రతి ఇంట్లో ఈ పని ఈ రోజే చేయాలని మా మనవి.

అయితే సర్టిఫికెట్‌ను ఎంతవరకు నమ్మాలి? రక్తం ఎంత కనిపిస్తుంది, దుస్తులు ఎలా ఉన్నాయి, బూతు మాటలున్నాయా అన్న విషయాల్లో దాన్ని మొదటి మెట్టుగా తీసుకోవచ్చు. కథలో చరిత్ర ఎంత, కల్పన ఎంత అని అది చెప్పదు. సినిమా ముగిసేసరికి పిల్లవాడి మనసులో ఎవరి మీద గౌరవం పెరిగింది, ఎవరి మీద ఏవగింపు పుట్టింది అన్నదీ చెప్పదు. ఏ మతాన్నీ కించపరచరాదన్న మాట బోర్డు మార్గదర్శకాల్లో ఉన్నా, పోస్టరు మీది అక్షరం చూసి ఆ సంగతి మనం తెలుసుకోలేం. అది ఇంటివాళ్ళు చూసుకోవలసిన పని. అందుకు అయిదు ప్రశ్నలు సరిపోతాయి.

మొదటి ప్రశ్న: చూపుకు తగినదేనా?

'జోధా అక్బర్' 2008 ఫిబ్రవరిలో విడుదలైంది. దర్శకుడు ఆశుతోష్ గోవారికర్. అక్బర్‌గా హృతిక్ రోషన్, జోధాగా ఐశ్వర్యా రాయ్ నటించారు. సంగీతం ఎ.ఆర్. రహమాన్‌ది. నిడివి మూడున్నర గంటలకు పైనే. దుస్తులు నిండుగా ఉంటాయి, మాటలు మర్యాదగా ఉంటాయి. ఈ కాలపు చాలా సినిమాలతో పోలిస్తే ఇది మెత్తని చిత్రమే.

అయినా రెండు చోట్ల జాగ్రత్త అవసరం. ఒకటి, అక్బర్ పైవస్త్రం లేకుండా కత్తిసాము చేస్తుంటే జోధా చాటుగా చూసే ఘట్టం. రెండవది, భార్యాభర్తలు దగ్గరయ్యే ఏకాంత గీతం. నగ్నత్వం లేకపోయినా దాని ఉద్దేశం స్పష్టంగా తెలుస్తుంది. మొదటి ఘట్టాన్ని చాలామంది పట్టించుకోరు, మగవాడి ఒళ్ళే కదా అనుకుంటారు. దివ్యఖుర్ఆన్‌లోని నూర్ సూరాలో చూపును దించుకోమన్న ఆదేశం 30వ ఆయత్‌లో ముందు పురుషులకు వచ్చింది, 31వ ఆయత్‌లో స్త్రీలకు వచ్చింది. హయా ఇద్దరికీ ఉండాలి. కూతురికి ఒక కొలత, కొడుక్కి ఒక కొలత పెట్టే ఇంట్లో సినిమా కన్నా ముందు ఆ కొలతను సరిచేసుకోవాలి.

ఆ పాట వచ్చినప్పుడు ఏం చేయాలి? కంగారుపడి రిమోట్ లాక్కుంటే, అక్కడేదో ఉందని పిల్లలకు మనమే చెప్పినట్లవుతుంది. రాత్రి అదే పాటను ఫోనులో వెతుక్కుంటారు. ముందే చూసి పెట్టుకున్న పెద్దవారు ప్రశాంతంగా, "ఇది భార్యాభర్తల ఏకాంతం. ఇంకొకరి గది తలుపు తీసి చూడం కదా, ఇదీ అంతే" అని చెప్పి ముందుకు జరిపేస్తే సరిపోతుంది. అమ్మీ అబ్బాల గదిలోకి వచ్చేటప్పుడు అనుమతి అడగాలని మనం పిల్లలకు నేర్పుతాం. ఆ మర్యాదే ఇక్కడికీ వర్తిస్తుంది.

రెండవ ప్రశ్న: రక్తపాతం ఎంత?

ప్రేమకథ అనుకొని కూర్చున్న వాళ్ళు ఈ ప్రశ్న వేసుకోరు. చారిత్రక ప్రేమకథల్లో సగం యుద్ధమే. 'జోధా అక్బర్' 1556 నాటి రెండవ పానిపట్టు యుద్ధంతో మొదలవుతుంది. ఏనుగుల కింద సైనికులు నలిగిపోవడం, హేము శిరచ్ఛేదం మొదట్లోనే వస్తాయి. మధ్యలో ఆధమ్ ఖాన్ ఘట్టం ఉంది. అక్బర్ ఆంతరంగికుడు అత్గా ఖాన్‌ను చంపినందుకు శిక్షగా ఆధమ్ ఖాన్‌ను కోట పైనుంచి కిందికి తోయిస్తారు. ప్రాణం పోలేదని తెలిసి మళ్ళీ పైకి మోసుకొచ్చి రెండోసారి తోస్తారు. ఇది 1562లో నిజంగా జరిగిన సంగతే. కానీ నిజంగా జరిగినంత మాత్రాన ఏడేళ్ళ పిల్లవాడు చూడదగినది కాదు. పుస్తకంలో ఒక వాక్యంగా చదవడం వేరు, నెత్తుటి తలను తెర మీద చూడటం వేరు. చిన్నపిల్లలు అలాంటి దృశ్యాన్ని మరిచిపోరు, రాత్రి కలలోకి తెచ్చుకుంటారు.

మూడవ ప్రశ్న: ఇందులో నిజమెంత?

ఉపాధ్యాయులుగా మాకు ముఖ్యమైన ప్రశ్న ఇది. పరీక్ష పేపర్లో పిల్లలు సినిమా కథను చరిత్రగా రాయడం ప్రతి చరిత్ర మాస్టారికీ అనుభవమే.

అక్బర్ 1562లో సాంభర్ వద్ద అంబేరు రాజు భార్‌మల్ కుమార్తెను వివాహం చేసుకున్నది నిజం. అప్పటికి అతని వయసు 19. ఆమె పేరు జోధా అని అబుల్ ఫజల్ అక్బర్‌నామాలో లేదు, జహంగీర్ స్వీయచరిత్రలోనూ లేదు. ఆమెకు మొఘల్ దర్బారులో ఉన్న బిరుదు మరియమ్ ఉజ్ జమానీ. జోధ్‌పూర్ నుంచి వచ్చిన రాకుమారి, జహంగీర్ భార్య, షాజహాన్ తల్లి. అత్తగారి కథకు కోడలి పేరు కలిసిపోయిందని చెప్పుకోవచ్చు. ఈ పేరు విషయంలో రాజస్థాన్‌లో అభ్యంతరాలు వచ్చి అప్పట్లో సినిమా ప్రదర్శనకే ఆటంకం ఏర్పడింది.

సినిమా అంతా ఒకే భార్య చుట్టూ తిరుగుతుంది. చరిత్రలో ఆ పెళ్ళి నాటికే అక్బర్‌కు రుఖయ్యా సుల్తాన్ బేగం, సలీమా సుల్తాన్ బేగం భార్యలుగా ఉన్నారు. రాజకీయ వివాహాన్ని ప్రేమకథగా మలచడానికి దర్శకుడు చరిత్రలో కొంత వదిలేశాడు, కొంత చేర్చాడు. సినిమావాళ్ళు చేసే పనే ఇది. అది పిల్లలకు తెలియాలి, అంతే.

సినిమా చెప్పని ఒక మంచి సంగతి కూడా ఉంది. ఆ రాణి ప్రేమికురాలిగా మాత్రమే మిగిలిపోలేదు. సముద్ర వర్తకం చేసింది. రహీమీ అనే పెద్ద ఓడ ఆమెది. సూరత్ రేవు నుంచి సరుకుతో పాటు హజ్ యాత్రికులను తీసుకెళ్ళేది. 1613లో పోర్చుగీసువారు ఆ ఓడను పట్టుకుంటే జహంగీర్ వారి మీద కఠిన చర్యలకు దిగాడు. లాహోరులో ఆమె పేరు మీద మసీదు ఉంది. 1623లో మరణించిన ఆమె సమాధి సికంద్రాలో, అక్బర్ సమాధికి దగ్గరలోనే ఉంది. మన ఆడపిల్లలకు కత్తిసాము చూసే రాణి కన్నా ఓడలు నడిపిన రాణి కథ చెప్పడం మేలని మా అభిప్రాయం.

1960లో కె. ఆసిఫ్ తీసిన 'మొఘలే ఆజం' విషయమూ ఇంతే. దృశ్యాల పరంగా అది నేటి కొలతకు ఎంతో సంస్కారవంతమైన చిత్రం. కానీ సలీం, అనార్కలి ప్రేమ కోసం తండ్రీకొడుకులు యుద్ధానికి దిగిన కథకు అక్బర్ నాటి గ్రంథాల్లో ఆధారం లేదు. సలీం తండ్రి మీద తిరగబడ్డది నిజమే, అది సింహాసనం కోసం. మనం చూసే అనార్కలి కథకు బలమైన రూపం ఇచ్చింది 1922లో ఇంతియాజ్ అలీ తాజ్ రాసిన ఉర్దూ నాటకం. మన తెలుగువారికీ 1955 నాటి 'అనార్కలి' ఉంది. అక్కినేని, అంజలీదేవి, అక్బర్‌గా ఎస్.వి. రంగారావు. ఆ సినిమా చూసిన దాదీ నానీలు నేటికీ అనార్కలిని నిజంగా బతికిన మనిషిలాగే చెబుతారు. తెరకున్న బలం అది.

హైదరాబాదు పిల్లలకు ఇంకో లెక్క చెప్పవచ్చు. భాగమతి కోసం రాకుమారుడు ముహమ్మద్ కులీ వరదలో మూసీ దాటాడనీ, అది చూసి తండ్రి పురానాపూల్ కట్టించాడనీ కథ ఉంది. వంతెన కట్టింది 1578లో. ముహమ్మద్ కులీ పుట్టింది 1565 ప్రాంతంలో. తీసివేత పిల్లలనే చేయమనండి. అప్పటికి అతనికి దాదాపు 13 ఏళ్ళు! భాగమతి విషయంలో చరిత్రకారులు నేటికీ ఒక మాట మీద లేరు. కథను కథగా ఆనందించవచ్చు. తారీఖులు పక్కన పెట్టి చూసే అలవాటు మాత్రం చేయాలి. ఎవరైనా వార్త తెస్తే విచారించి తెలుసుకోమని హుజురాత్ సూరా 6వ ఆయత్ మనకు నేర్పుతుంది. సినిమా కూడా ఒకరు తెచ్చిన వార్తే.

నాలుగవ ప్రశ్న: పెళ్ళి గురించి, దీన్ గురించి ఏం నేర్పుతుంది?

'జోధా అక్బర్'లో మెచ్చుకోవలసిన విషయం ఇక్కడుంది. పెళ్ళికి ముందు జోధా రెండు షరతులు పెడుతుంది. తన మతం తనకు ఉండాలి, కోటలో తన పూజకు చోటు ఉండాలి. అక్బర్ నిండు సభలో ఒప్పుకుంటాడు. పెళ్ళయ్యాక కూడా ఆమె మనసు అంగీకరించేవరకు బలవంతం చేయడు. చాడీలు విని ఆమెను పుట్టింటికి పంపుతాడు. నిజం తెలిశాక చక్రవర్తి అయి ఉండీ తానే వెళ్ళి తప్పు ఒప్పుకుంటాడు. మన యువకులు ఈ మూడూ చూడాలి. నికాహ్‌లో ఆడపిల్ల అంగీకారం తప్పనిసరి. మెహర్ ఆమె హక్కు. ఈ రెండూ తెలిసిన వాళ్ళం మనం. అయినా పెళ్ళిళ్ళలో అమ్మాయిని అడగడం ఒక తంతుగా మారిపోతోంది. ఈ సినిమా వంకతో ఇంట్లో ఆ మాట ఎత్తవచ్చు.

అయితే ఒక ప్రశ్న తప్పక వస్తుంది. పదమూడు పద్నాలుగేళ్ళ పిల్లలు అడుగుతారు: "అబ్బా, అక్బర్ అలా చేసుకోవచ్చా?" దాటవేయకూడదు. విగ్రహారాధకులతో వివాహం గురించి బఖరా సూరా 221వ ఆయత్‌లో స్పష్టమైన నియమం ఉంది. మతం విషయంలో బలవంతం లేదని అదే సూరా 256వ ఆయత్ చెబుతుంది. రెండూ కలిపి చెప్పాలి. అక్బర్ ఒక చక్రవర్తి. రాజ్యం కోసం పొత్తులు కలుపుకున్నాడు. మంచి పనులూ చేశాడు. 1563లో యాత్రికుల పన్ను, 1564లో జిజియా తీసేశాడు. పాలకుడిగా అతని న్యాయాన్ని మెచ్చుకోవచ్చు. ముస్లిం పేరున్న రాజు చేసిన ప్రతి పనీ దీన్ కాదు. ఈ ఒక్క మాట పిల్లలకు అర్థమైతే మొఘలుల గురించి సగం గందరగోళం తీరిపోతుంది. పొగడ్త వచ్చినప్పుడు పొంగిపోరు, నింద వచ్చినప్పుడు కుంగిపోరు.

ఇలాంటిదే ఖ్వాజా గరీబ్ నవాజ్ మీద వచ్చే పాట. అందులో దర్వేషులు గిరగిరా తిరుగుతూ ఉంటారు, అక్బర్ వారితో కలుస్తాడు. దర్గాల విషయంలో మన కుటుంబాల మధ్య అభిప్రాయభేదాలున్నాయి. మీ ఇంటి పద్ధతి ఏదో పిల్లలకు చెప్పండి. ఇంకొకరి పద్ధతిని వెక్కిరించకుండా చెప్పండి.

అయిదవ ప్రశ్న: చూశాక పిల్లవాడు ఎవరిని చిన్నచూపు చూస్తాడు?

2018 జనవరిలో 'పద్మావత్' విడుదలైంది. దానికి ముందు దేశమంతా గొడవ. కొన్ని రాష్ట్రాలు నిషేధించబోతే సుప్రీంకోర్టు ఆపింది. పేరు 'పద్మావతి' నుంచి 'పద్మావత్'గా మారింది, ఇది చరిత్ర కాదన్న ప్రకటన చేరింది. ఆ గొడవంతా రాణి గౌరవం గురించే. తెర మీద అలావుద్దీన్ ఖిల్జీ మాంసాన్ని పీక్కుతినే క్రూరుడిగా కనిపించిన సంగతి మీద అంత చర్చ జరగలేదు.

ఆ రోజుల్లో మేము పనిచేసే బడిలో ఎనిమిదో తరగతి పిల్లలు ఒక తోటి విద్యార్థిని "ఖిల్జీ" అని పిలవడం మొదలుపెట్టారు. ఆ పిల్లవాడు మధ్యాహ్న భోజనం వేళ గుంపులో కూర్చోవడం మానేశాడు. పిలిచినవాళ్ళు చెడ్డ పిల్లలు కారు, నిన్నటిదాకా వాడితో క్రికెట్ ఆడినవాళ్ళే. మేము ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. మరుసటి పీరియడులో నల్లబల్ల మీద రెండు గడులు గీశాము. ఒక దానిలో సినిమాలో చూసింది రాయమన్నాము, ఇంకో దానిలో చరిత్రలో ఉన్నది మేము రాశాము.

చిత్తోడు ముట్టడి 1303లో జరిగింది. అమీర్ ఖుస్రో సుల్తాను వెంట ఆ దండయాత్రకు వెళ్ళి రాసిన వృత్తాంతంలో పద్మిని ప్రస్తావన లేదు. ఆ కథ మాలిక్ ముహమ్మద్ జాయసీ 1540లో అవధీ భాషలో రాసిన కావ్యంలోనిది. అంటే ముట్టడి జరిగిన 237 ఏళ్ళకు. రాసింది కూడా ఒక ముస్లిం సూఫీ కవే. ఖిల్జీ మార్కెట్లో ధాన్యం ధరలు కట్టడి చేశాడు, మంగోలు దండయాత్రలను తిప్పికొట్టాడు. అతడు పుణ్యపురుషుడేమీ కాదు. పినతండ్రి, మామ అయిన జలాలుద్దీన్‌ను చంపించి గద్దె ఎక్కాడు. అతని సేనాని మాలిక్ కాఫూర్ 1309-10లో మన ఓరుగల్లును ముట్టడించి ప్రతాపరుద్రుడి వద్ద అపార ధనం తీసుకుపోయాడు. ఇవన్నీ కూడా బల్ల మీద రాశాము. దాచితే పిల్లలు మమ్మల్ని నమ్మరు.

చివరికి ఒక అమ్మాయి లేచి, "ఏడు వందల ఏళ్ళ కిందటి రాజుకీ మన క్లాసు అబ్బాయికీ ఏం సంబంధం టీచర్?" అని అడిగింది. మేము అడగదలచిన ప్రశ్న అదే. ఆ తర్వాత ఆ పేరుతో పిలవడం తగ్గింది, మెల్లగా ఆగింది.

ఈ అయిదవ ప్రశ్న రెండు వైపులా వేయాలి. 'జోధా అక్బర్' చూసి మన పిల్లవాడు రాజపుత్రులు ఓడినవాళ్ళని, మనం గెలిచినవాళ్ళమని అనుకుంటే అదీ రోగమే. ఒకరినొకరు ఎగతాళి చేయవద్దన్న హుజురాత్ సూరా 11వ ఆయత్ మనకు కూడా వచ్చింది. 'పద్మావత్' చివర వందల మంది స్త్రీలు నిప్పులోకి నడిచే దృశ్యాన్ని ఎంతో అందంగా చూపించారు. ఏ మతం ఆడపిల్ల అయినా, గౌరవం నిలుపుకోవడానికి చావే దారి అన్న భావంతో లేవకూడదు. ఆ సినిమా చూసిన ఇంట్లో ఈ మాట గట్టిగా చెప్పాలి. ప్రాణం అల్లాహ్ ఇచ్చిన అమానత్ అని మనం నమ్ముతాం.

ఇంతకీ చూడవచ్చా?

'జోధా అక్బర్' మీద మా తీర్పు ఇది. ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు వద్దు. వారికి రక్తం తప్ప మిగతాది అర్థం కాదు. 8 నుంచి 12 ఏళ్ళ వారికి మొత్తం సినిమా అక్కరలేదు. అక్బర్ ఏనుగును లొంగదీయడం, మారువేషంలో బజారుకు వెళ్ళి ప్రజల కష్టం తెలుసుకోవడం, పన్ను ఎత్తివేయడం వంటి భాగాలు పెద్దలు పక్కన ఉండి చూపవచ్చు. 13 దాటినవారు, పైన చెప్పిన రెండు చోట్లు వదిలి, పెద్దలతో కలిసి చూడవచ్చు, చూశాక మాట్లాడుకోవాలి. 'పద్మావత్'ను 16 ఏళ్ళ లోపు వారికి మేము సిఫారసు చేయము. 'మొఘలే ఆజం'ను పదేళ్ళు దాటినవారు పెద్దలతో చూడవచ్చు, ఇది కథే అని ముందు చెప్పి.

ఏ సినిమాకైనా పనికివచ్చే పద్ధతి ఇది:

1. ఇంట్లో ఒకరు ముందుగా చూడాలి. తీరిక లేకపోతే అప్పటికే చూసిన నమ్మకమైన బంధువునో, టీచరునో పై అయిదు ప్రశ్నలు అడగాలి. "బాగుందా?" అని అడిగితే "బాగుంది" అనే జవాబే వస్తుంది.

2. వదిలేయవలసిన చోట్లు ఎన్నో గంట, ఎన్నో నిమిషంలో ఉన్నాయో కాగితం మీద రాసుకోవాలి.

3. మూడు గంటల సినిమాను రెండు రోజులుగా చూడాలి. నమాజు వేళకు ఆపడం అలవాటైతే, తెర కన్నా ముఖ్యమైనది ఒకటుందని పిల్లలకు చెప్పకనే తెలుస్తుంది.

4. మొదలుపెట్టే ముందు ఒక్క వాక్యం చెప్పాలి: "ఇది చరిత్ర ఆధారంగా అల్లిన కథ."

5. అయిపోగానే టీవీ కట్టేసి పావుగంట మాట్లాడుకోవాలి. నీకు నచ్చినవారు ఎవరు? ఎందుకు? ఇందులో ఏది నిజమో ఎలా తెలుసుకుంటావు? పిల్లలే మాట్లాడాలి. ఉపన్యాసం ఇస్తే వింటున్నట్లు తల ఊపుతారు, అంతే.

6. ఆ వారంలోనే ఆ కాలం గురించి ఒక పుస్తకం చేతికి ఇవ్వాలి. బడి చరిత్ర పుస్తకంలోని పాఠమైనా సరే.

ఇదంతా ఒక సినిమా కోసమా అని కొందరు అడగవచ్చు. కూరగాయల బండి దగ్గర వంకాయను తిప్పి తిప్పి చూసి పుచ్చు లేదని తేల్చుకుంటేనే కొంటాం. మూడు గంటల పాటు పిల్లల మనసులోకి వెళ్ళేదాన్ని చూడకుండా లోపలికి పంపుతామా?

ప్రతి ఒక్కరూ తమ మందకు కాపరులేనని, దాని గురించి జవాబు చెప్పుకోవాలని దైవప్రవక్త (స) బోధించారు. కాపరి మందను కొట్టంలోనే కట్టేసి ఉంచడు, అడవికి వదిలేసి నిద్రపోడు. వెంట నడుస్తాడు. రాబోయే వేసవి సెలవుల్లో మన సొసైటీ ఒక పూట తల్లిదండ్రులను, హైస్కూలు పిల్లలను కూర్చోబెట్టి, ఒక చారిత్రక చిత్రం తీసుకుని సినిమా గడి, చరిత్ర గడి నింపించే పని పెట్టుకోగలిగితే మంచిది. నల్లబల్ల, సుద్దముక్క ఉంటే చాలు. అలా నేర్చుకున్న పిల్లవాడు రేపు ఫోనులో ఏది కనబడినా "ఇది నిజమేనా?" అని తనంతట తానే అడుగుతాడు. అల్లాహ్ మన పిల్లలకు ఆ వివేకాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.